ఆర్మీ మెడిక్ ట్రైనింగ్ ఎలా ఉంటుంది? 68డబ్ల్యూ కాంట్రాక్ట్ తీసుకున్న చెల్లెమ్మకు జవాబు

చెల్లెమ్మా, నువ్వు అడిగింది ఇదీ: గ్రీన్ కార్డ్ ఉంది, డల్లాస్ దగ్గర హైస్కూల్ అయింది, అమెరికా ఆర్మీలో 68డబ్ల్యూ, అంటే కంబాట్ మెడిక్ స్పెషలిస్ట్ (యుద్ధంలో గాయపడినవాళ్లకి అక్కడికక్కడే వైద్యం చేసే సైనికుడి ఉద్యోగం) కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టావు, జూన్‌లో బయలుదేరాలి. ట్రైనింగ్‌లో ఏం చేయిస్తారు, రక్తం చూస్తే కళ్లు తిరిగే నీలాంటి వాళ్లు నెగ్గుకు రాగలరా, రేపు డాక్టర్ అవడానికి ఇది దారేనా, శాకాహారివి కాబట్టి తిండి సంగతేంటి? నేను అదే కోర్సు చేశాను. తర్వాత కొన్నేళ్లు ఇన్‌ఫాంట్రీ ప్లటూన్‌కి, అంటే నేల మీద పోరాడే సైనికుల చిన్న దళానికి, మెడిక్‌గా ఉన్నాను. ఇప్పుడు బయట అంబులెన్స్ సర్వీసులో కొత్తవాళ్లకి నేర్పుతున్నాను. జవాబు కాస్త పెద్దదే, ఓపిగ్గా చదువు.

రిక్రూటర్ ఆఫీసులో చూపించే వీడియోలో హెలికాప్టర్ ఉంటుంది, పొగ ఉంటుంది, బ్యాగు వేసుకుని పరిగెత్తే మెడిక్ ఉంటాడు. క్లాస్‌రూమ్‌లో నిద్ర ఆపుకోలేక గోడకి ఆనుకుని నిలబడి నోట్స్ రాసుకునే పిల్లలు మాత్రం కనిపించరు. ఈ కోర్సులో జనం ఎక్కువగా జారిపోయేది ఆ క్లాస్‌రూమ్‌లోనే. నీ భయం రక్తం గురించి. నా భయం నీ చదువు గురించి. స్కూల్లో మంచి మార్కులు వచ్చేవని రాశావు కాబట్టే ఇంకా ఎక్కువ. అలాంటి పిల్లలు మొదటి రెండు వారాలు తేలిగ్గా తీసుకుంటారు.

మొదట బేసిక్ ట్రైనింగ్ 10 వారాలు. సౌత్ కరొలైనాలో ఫోర్ట్ జాక్సన్, ఓక్లహోమాలో ఫోర్ట్ సిల్, మిస్సోరిలో ఫోర్ట్ లెనర్డ్ వుడ్, వీటిలో ఏదో ఒకటి పడొచ్చు. అక్కడ వైద్యం దాదాపు ఉండదు. తుపాకీ, నడక, అరుపులు, నిద్రలేమి, అంతే. దాని గురించి ఇంటర్నెట్ నిండా సమాచారం ఉంది, నేను మళ్లీ రాయను. ఒక్కటి మాత్రం చెప్తాను. మెడిక్ అంటే తుపాకీ పట్టక్కర్లేదని మన వాళ్లలో చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. జెనీవా ఒప్పందాలు మెడిక్‌కి రక్షణ ఇస్తాయి, కానీ తనని, తన పేషెంట్‌ని కాపాడుకోవడానికి ఆయుధం ఉంచుకోవచ్చని కూడా అవే ఒప్పుకుంటాయి. నీ చేతిలోనూ ఎం4 రైఫిల్ ఉంటుంది. అది తుడుచుకోవడం, గురి చూసి కాల్చి పాసవడం అందరితో పాటు నీకూ తప్పదు.

బేసిక్ అయ్యాక అసలు కోర్సు. టెక్సస్‌లోనే, శాన్ ఆంటోనియోలో ఫోర్ట్ శామ్ హ్యూస్టన్. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ మూడింటి వైద్య సిబ్బందికీ ఒకే చోట నేర్పాలని 2010లో అక్కడ పెద్ద క్యాంపస్ తెరిచారు. మెట్‌సీ అంటారు. నీ కోర్సు దాదాపు 16 వారాలు. మొదటి సగం ఈఎంటీ, అంటే బయట అంబులెన్స్ వాళ్లు చదివే చదువే. రెండో సగాన్ని విస్కీ ఫేజ్ అంటారు. మందు పార్టీ కాదులే, 68డబ్ల్యూలో డబ్ల్యూకి ఆర్మీ అక్షరాల పిలుపు అది. యుద్ధభూమి వైద్యం మొత్తం అందులోనే.

అక్కడ రోజు ఎలా గడుస్తుందంటే, తెల్లవారక ముందే లేచి పీటీ, హడావుడిగా స్నానం, టిఫిన్, వరుసలో నడుచుకుంటూ క్లాసుకి, సాయంత్రం దాకా పాఠాలు, మళ్లీ వరుసలోనే వెనక్కి. రాత్రి బ్యారక్స్‌లో వంతుల వారీగా ఫైర్ గార్డ్ డ్యూటీ, అంటే మెలకువగా ఉండి కాపలా కాయడం. నీ వంతు నడిరాత్రి పడితే మర్నాడు క్లాసులో గుండె కవాటాల గురించి చెప్తుంటే కళ్లు మూతలు పడతాయి. నిద్ర వస్తే లేచి వెనక నిలబడు, ఎవరూ ఏమీ అనరు. కూర్చుని తూగితే మాత్రం అంటారు. డ్రిల్ సార్జెంట్లు అక్కడా ఉంటారు కానీ బేసిక్‌తో పోలిస్తే కాస్త ఊపిరి ఆడుతుంది. ఫోన్ మెల్లగా చేతికొస్తుంది. వారాంతాల్లో బయటికి వెళ్లే వీలు కూడా నీ బ్యాచ్ నడవడికను బట్టి వస్తుంది, పోతుంది. ఎవడో ఒకడు చేసిన వెధవ పనికి అందరికీ సెలవు రద్దవడం నీకు కోపం తెప్పిస్తుంది. అలవాటు చేసుకో.

ఇప్పుడు ఈఎంటీ గురించి వివరంగా చెప్తాను, ఎందుకంటే నీ కాంట్రాక్ట్ నిలబడేది దీని మీదే. చివర్లో నేషనల్ రిజిస్ట్రీ (ఈఎంటీలకి దేశస్థాయి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ) పరీక్ష రాయాలి. కంప్యూటర్ మీద 70 నుంచి 120 ప్రశ్నలు, గరిష్ఠంగా 2 గంటలు. సరిగ్గా చేసేకొద్దీ ప్రశ్నలు కష్టమవుతాయి, తప్పు చేస్తే కాస్త తేలికవుతాయి. నీ స్థాయి తేలిందని కంప్యూటర్‌కి నమ్మకం కుదరగానే టక్కున ఆగిపోతుంది. వెనక్కి వెళ్లి జవాబు మార్చుకోవడం ఉండదు. 70 దగ్గరే ఆగిపోతే పాసో ఫెయిలో తెలియక పిల్లలు ఆ రోజంతా తిండి మానేస్తారు.

బిట్లు బట్టీ పట్టి ఎంసెట్ గట్టెక్కినట్టు దీన్ని గట్టెక్కలేం. ఒక నమూనా చూడు. బైక్ మీంచి పడిన మనిషి. తొడ ఎముక విరిగి కాలు వంకరగా ఉంది. మోచేయి నుంచి రక్తం మెల్లగా కారుతోంది. గురక లాంటి శబ్దంతో ఊపిరి తీస్తున్నాడు. ముందు ఏం చేస్తావు? కాలికి ట్రాక్షన్ కట్టు, మోచేతికి బ్యాండేజి, దవడ ముందుకు లాగి శ్వాసమార్గం తెరవడం, ఆక్సిజన్ పెట్టడం అని నాలుగు జవాబులు ఇస్తారు. నాలుగూ చేయాల్సినవే. అడిగింది 'ముందు' ఏది అని. గురక అంటే నాలుక వెనక్కి పడి దారి మూసుకుపోతోందని అర్థం, కాబట్టి దవడ. ప్రాణాన్ని ముందు తీసేది ఏదో చూడమంటారు, కంటికి భయంకరంగా కనిపించేది ఏదో కాదు. విరిగిన కాలు చూసి మోసపోయిన వాళ్లు చాలామంది. బయలుదేరే ముందు ఖాళీగా ఉన్న నెలల్లో ఒక ఈఎంటీ పాఠ్యపుస్తకం తెచ్చుకుని శ్వాస, గుండె, షాక్ (ఒంట్లో రక్త ప్రసరణ పడిపోవడం) ఈ మూడు అధ్యాయాలు మాత్రం చదువు. మిగతావి అక్కడ చదవొచ్చు.

చేతి పరీక్షలు వేరే ఉంటాయి. గదిలోకి వెళ్లగానే నేల మీద పేషెంట్‌గా నటించే మనిషో బొమ్మో ఉంటుంది, పక్కన చెక్‌లిస్ట్ పట్టుకుని పరీక్షకుడు. నీ నోటి నుంచి మొదట రావాల్సిన మాట "బీఎస్ఐ, సీన్ సేఫ్". గ్లౌజులు వేసుకున్నాను, చుట్టూ ప్రమాదం లేదు అని దాని భావం. అది అనకుండా పేషెంట్ మీద చెయ్యి వేస్తే తర్వాత ఎంత బాగా చేసినా ఆ స్టేషన్ పోయినట్టే. బొమ్మకి చర్మం ఎలా ఉందో, నాడి ఎంతో నువ్వు పైకి అడగాలి, పరీక్షకుడు చెప్తాడు. మనసులో అనుకున్నదానికి మార్కులు ఉండవు. మన ఆడపిల్లలకి ఇక్కడ ఒక చిక్కు వస్తుంది, గొంతు పెగలదు. చిన్నప్పటి నుంచి మెల్లగా మాట్లాడమ్మా అని నేర్పి పెంచాం కదా. ఇప్పటి నుంచే అద్దం ముందు నిలబడి చేసే ప్రతి పనీ పైకి చెప్తూ సాధన చెయ్యి. ఇంట్లో వాళ్లు వింతగా చూస్తే చూడనీ.

ఈఎంటీ పోతే ఏమవుతుందని అడుగుతావు. ముందు మళ్లీ చదివించి మళ్లీ రాయిస్తారు, లేదా వెనక వచ్చే బ్యాచ్‌లో కలుపుతారు. అప్పటికీ కాకపోతే ఆర్మీకి అవసరమైన వేరే ఉద్యోగంలో వేస్తారు. అది నువ్వు ఎంచుకునేది కాకపోవచ్చు. వంటవాళ్ల కొరతుంటే వంట, లారీ డ్రైవర్ల కొరతుంటే లారీ. కాంట్రాక్ట్‌లో 68డబ్ల్యూ అని ఉంటే ఆ ట్రైనింగ్‌లో చేరే హక్కు ఉంటుంది, పాసయ్యే హక్కు ఉండదు.

విస్కీ ఫేజ్‌కి వచ్చేసరికి పాఠం తలకిందులవుతుంది. ఈఎంటీలో మొదట శ్వాస చూడమన్నారు. ఇక్కడ మొదట రక్తం ఆపమంటారు. ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపి మార్చ్ అనే వరుస నేర్పుతారు: భారీ రక్తస్రావం, శ్వాసమార్గం, ఊపిరి, రక్త ప్రసరణ, ఆ తర్వాత ఒళ్లు చల్లబడకుండా చూడటం, తల గాయం. ఎందుకిలా అంటే కారణం లెక్కల్లో ఉంది. 2001 నుంచి 2011 దాకా ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల్లో గాయాలతో చనిపోయిన 4,596 మంది అమెరికా సైనికుల రికార్డులు తిరగేసి 2012లో ఒక అధ్యయనం వేశారు. 87 శాతం మంది ఆసుపత్రి చేరకముందే పోయారు. అలా పోయిన వాళ్లలో సుమారు నాలుగో వంతు మందిని బతికించే అవకాశం ఉండేదని తేలింది. ఆ నాలుగో వంతులో 91 శాతం రక్తం కారిపోయి పోయినవాళ్లే. అంటే సర్జన్ దాకా వెళ్లని మనిషికి సర్జన్ వల్ల లాభం లేదు. ఆ మధ్యలో ఉన్నది పంతొమ్మిది, ఇరవై ఏళ్ల మెడిక్ ఒక్కరే.

అందుకే టోర్నికే, అంటే రక్తం ఆపడానికి బిగించే పట్టీ, మీద వాళ్ల పట్టుదల చూస్తే నీకు మొదట అతిగా అనిపిస్తుంది. నల్లటి పట్టీ, దానికో తిప్పే కడ్డీ, అది జారిపోకుండా ఒక కొక్కెం. కాల్పులు జరుగుతుంటే బట్టల మీంచే, చేతికో కాలికో వీలైనంత పైన వేసి బిగించాలి. ప్రమాదం తగ్గాక బట్ట కత్తిరించి గాయానికి రెండు మూడు అంగుళాల పైన చర్మం మీద సరిగ్గా వేయాలి. పట్టీని ముందే బిర్రుగా లాగకుండా కడ్డీ మీద ఆధారపడితే ఎన్ని తిప్పులు తిప్పినా రక్తం ఆగదు. కొత్తవాళ్లందరికీ ఇక్కడే దెబ్బ పడుతుంది. గాయం కింద నాడి అందకుండా పోయేదాకా బిగించాలి, తర్వాత టైమ్ రాయాలి. నీ చేతికి నువ్వే, ఒంటి చేత్తో, చీకట్లో వేసుకునే సాధన చేయిస్తారు. నొప్పి మామూలుగా ఉండదు, చేతికి గాట్లు పడతాయి. నొప్పి పుట్టకపోతే సరిగ్గా వేయలేదన్నమాట.

పట్టీ వేయడానికి కుదరని చోట్లు ఉంటాయి, గజ్జలు, చంక, మెడ. అక్కడ రక్తం గడ్డకట్టే మందు పూసిన గాజ్‌ని గాయం లోపలికి వేలితో కుక్కి, కారే నాళం మీద నేరుగా ఒత్తి, 3 నిమిషాలు కదలకుండా పట్టుకోవాలి. బొమ్మ గాయంలో పంపు పెట్టి ఎర్ర నీళ్లు వదులుతారు. మూడు నిమిషాలు ఎంత పెద్దవో అప్పుడు తెలుస్తుంది. ఛాతీ గాయం వల్ల గాలి లోపల చిక్కుకుని ఊపిరితిత్తి నలిగిపోతుంటే మూడుంబావు అంగుళాల పొడవైన సూదితో ఆ గాలి బయటికి తీయడం, ముక్కులోంచి గొట్టం వేయడం, అదీ కుదరకపోతే గొంతు ముందు భాగంలో కోసి శ్వాసకి దారి చేయడం, ఇవన్నీ నేర్పుతారు. వీటిలో ఛాతీలో సూది గుచ్చడానికి, గొంతు కోయడానికి మామూలు ఈఎంటీకి బయట అనుమతి ఉండదు. ఆర్మీ నుంచి వచ్చిన మెడిక్‌లు బయట అంబులెన్స్‌లో చేరగానే ఇబ్బంది పడేది దీని దగ్గరే. చేతికి తెలిసిన పని లైసెన్స్ ఒప్పుకోదు.

ఇక కళ్లు తిరగడం గురించి. చాలామందికి వస్తుంది, అది పిరికితనం కాదు. రక్తమో సూదో చూడగానే బీపీ, గుండె వేగం ఒక్కసారిగా పడిపోతాయి. బొమ్మ రక్తం దగ్గర ఎవరూ పడరు. ఒకరి చేతికి ఒకరు ఐవీ (సెలైన్ ఎక్కించే) సూదులు గుచ్చుకునే రోజున పడతారు, అదీ ఎత్తుగా, బలంగా ఉండే మగపిల్లలు. ఆ ఉదయం టిఫిన్ మానకు, నీళ్లు బాగా తాగు. తల తేలికవుతున్నట్టు అనిపించగానే తొడలు, పొట్ట, పిడికిళ్లు గట్టిగా బిగించి 10, 15 సెకన్లు ఉంచి వదులు, మళ్లీ బిగించు. బీపీ పడకుండా నిలబెట్టే పద్ధతి ఇది, డాక్టర్లు కూడా చెప్తారు. ముందుగానే ఇన్‌స్ట్రక్టర్‌కి చెప్పు, కూర్చోబెట్టి చేయిస్తారు. చూసేకొద్దీ శరీరం అలవాటు పడుతుంది.

చివరి వారాల్లో నగరానికి ఉత్తరాన క్యాంప్ బుల్లిస్ అనే అడవి లాంటి చోటికి తీసుకెళ్తారు. ముళ్ల పొదలు, సున్నపురాయి, రాత్రిళ్లు చలి. పొగ బాంబులు, స్పీకర్లలో కాల్పుల శబ్దం, అరుస్తూ దొర్లే "గాయపడినవాళ్లు". ఎర్రలైటు వెలుగులో గ్లౌజు మీద పడింది రక్తమో చెమటో తెలియదు, అందుకే ఒళ్లంతా చేత్తో తడుముతూ వెళ్లి ప్రతిసారీ అరచేయి చూసుకోవడం నేర్పుతారు. రేడియోలో హెలికాప్టర్ పిలవడానికి తొమ్మిది వరుసల సమాచారం చెప్పాలి, అందులో మొదటి ఐదు చెప్తే చాలు హెలికాప్టర్ బయలుదేరుతుంది. ఎక్కడున్నాం, ఏ ఫ్రీక్వెన్సీ, ఎంతమంది ఎంత అర్జెంటుగా ఉన్నారు, ఏ పరికరాలు కావాలి, పడుకోబెట్టాలా నడవగలరా. ఊపిరి ఎగపోస్తూ అది తడబడకుండా చెప్పడమే కష్టం. వైద్యం తెలిసినవాళ్లు కూడా అక్కడ తేలిపోతారు.

బలం గురించి సూటిగా చెప్తాను. సామానుతో ఉన్న సైనికుడు 200 పౌండ్లు దాటతాడు. అతన్ని లాగాలి. ఆర్మీ ఫిట్‌నెస్ టెస్టులో డెడ్‌లిఫ్ట్, 90 పౌండ్ల స్లెడ్ లాగడం ఉన్నది ఊరికే కాదు. పరుగు ఒక్కటే ప్రాక్టీస్ చేస్తున్నానని రాశావు, సరిపోదు. వెన్ను, తొడలు, పట్టు పెంచు. ఆడపిల్లలు చేయలేరని ఎవరైనా అంటే పట్టించుకోకు. మోనికా బ్రౌన్ అనే మెడిక్ 2007లో అఫ్గానిస్తాన్‌లోని పక్తియాలో బాంబు పేలాక కాల్పుల మధ్య పరిగెత్తి తోటివాళ్లను తన శరీరంతో కప్పి కాపాడింది. అప్పటికి ఆమె వయసు 18. 2008లో సిల్వర్ స్టార్ ఇచ్చారు.

పాసయ్యాక మాత్రం రోజూ ఇలాంటివి ఉంటాయనుకోకు. శాంతికాలంలో మెడిక్ ఉద్యోగం అంటే సిక్ కాల్. పొద్దున్నే బొబ్బలెక్కిన పాదాలు, మోకాలి నొప్పి, జలుబు, నిజంగా ఒంట్లో బాగోలేదో పరుగు తప్పించుకోవడానికి వచ్చాడో తెలియని కుర్రాడు. ఐబుప్రొఫెన్ ఇచ్చి, నీళ్లు తాగమని చెప్పి, కాగితాలు నింపి, మందుల పెట్టెలో గడువు తేదీలు సరిచూసుకోవడం. ఇన్‌ఫాంట్రీ యూనిట్‌లో పడితే ఫీల్డ్‌లో ఎక్కువ తిరుగుతావు, ఆసుపత్రిలో పడితే వార్డు పనులు. ఏది పడుతుందో నీ చేతిలో ఉండదు. నా ఇష్టం అడిగితే మొదటి పోస్టింగ్ యూనిట్‌లో పడాలనే కోరుకో. అక్కడ ఒక ఫిజీషియన్ అసిస్టెంట్ (డాక్టర్‌తో కలిసి పనిచేస్తూ రోగులను చూసి మందులు రాసే నిపుణుడు) పక్కన కూర్చుని రోజూ నేర్చుకోవచ్చు.

ఇక డాక్టర్ సంగతి. అమ్మానాన్నలకి "డాక్టర్ ట్రైనింగ్‌కి వెళ్తున్నా" అని చెప్పానన్నావు. అది దిద్దుకో. ఇది డాక్టరీలో మొదటి సంవత్సరం కాదు, నర్సింగ్ కూడా కాదు. మెడికల్ స్కూల్‌కి కావలసిన కెమిస్ట్రీ, బయాలజీ డిగ్రీ కోర్సులు దీనితో రావు. అయితే దారులు ఉన్నాయి. మేరీల్యాండ్‌లోని బెథెస్డాలో సైన్యం సొంత మెడికల్ స్కూల్ ఉంది, ఫీజు లేదు. డిగ్రీ ఉన్న మామూలు సైనికులను ఆ స్కూల్ లాంటి చోట్లకి సిద్ధం చేయడానికి రెండేళ్ల ప్రోగ్రామ్ నడుపుతున్నారు. ఫిజీషియన్ అసిస్టెంట్ అవడానికి మూడు దళాలకూ కలిపి శాన్ ఆంటోనియోలోనే ఇంకో ప్రోగ్రామ్ ఉంది. నర్సుగా, హెలికాప్టర్ పారామెడిక్‌గా మారే కోర్సులూ ఉన్నాయి. సర్వీసు పూర్తయితే పోస్ట్-9/11 జీఐ బిల్ కింద 36 నెలల చదువు ఖర్చు వస్తుంది. జీఐ బిల్ తప్ప మిగతావాటికి పోటీ ఉంది, చాలావాటికి డిగ్రీ క్రెడిట్లు కావాలి. కాబట్టి సాయంత్రాలు ఆన్‌లైన్ క్లాసులు మానకు. గుంటూరులో బైపీసీ చదువుతున్న నీ బావ కూడా అడిగాడన్నావు. అతనికి ఇది వర్తించదు, వీసా మీద ఉన్నవాళ్లని కూడా తీసుకోరు. ఇండియన్ ఆర్మీలో నర్సింగ్ అసిస్టెంట్ అనే వేరే ఉద్యోగం ఉంది, ఇంటర్ బైపీసీ దానికి పనికొస్తుంది, శిక్షణ లక్నోలో. అక్కడి రిక్రూటింగ్ ఆఫీసులో అడగమను.

తిండికి ఇబ్బంది ఉంటుంది కానీ ఆకలితో ఉండవు. మెస్‌లో అన్నం, బీన్స్, సలాడ్లు, గుడ్డు తింటే గుడ్లు దొరుకుతాయి. తినడానికి ఇచ్చే టైమే తక్కువ. ఫీల్డ్‌లో ఇచ్చే ఎంఆర్ఈ (వండకుండా తినేలా సిద్ధం చేసిన భోజనం) ప్యాకెట్లలో 24 రకాలుంటే నాలుగు శాకాహారం. పంచేటప్పుడు ముందే అడుగు, లేకపోతే చివర్లో బీఫ్ ప్యాకెట్ మిగులుతుంది. ఆవకాయ సీసా మాత్రం తీసుకెళ్లకు, మొదటి రోజే చెత్తబుట్టలో వేయిస్తారు.

జూన్ మధ్యలో బయలుదేరితే ఆగస్టు చివరికి బేసిక్ అవుతుంది, శాన్ ఆంటోనియో కోర్సు క్రిస్మస్ సెలవుల మీద పడుతుంది. దాదాపు రెండు వారాలు ట్రైనింగ్ ఆపి ఇంటికి పంపిస్తారు. ఈఎంటీ పరీక్షకి ముందు ఆ సెలవులు వస్తే పుస్తకం ఇంటికి తెచ్చుకో, తిరిగి వెళ్లేసరికి సగం మర్చిపోతారు. పౌరసత్వం సంగతి: 2001 సెప్టెంబర్ 11 తర్వాతి కాలమంతా యుద్ధకాలం కింద లెక్క కాబట్టి ఐదేళ్లు ఆగక్కర్లేదు, పౌరసత్వ దరఖాస్తు ఎన్-400కి ఫీజు కూడా లేదు. నీ సర్వీసుని ధ్రువీకరించే ఎన్-426 ఫారం మీద ఆర్మీ వాళ్ల సంతకం కావాలి, బేసిక్‌లోనే అడగడం మొదలుపెట్టు. ఐదేళ్ల గౌరవప్రదమైన సర్వీసు పూర్తికాకముందే చెడ్డ పేరుతో బయటికి పంపితే అలా వచ్చిన పౌరసత్వాన్ని రద్దు చేసే అధికారం వాళ్లకి ఉంది, అదీ తెలుసుకో. గ్రీన్ కార్డ్, సోషల్ సెక్యూరిటీ కార్డ్ ఒరిజినల్స్ వెంట ఉంచుకో, కాపీలు నాన్నగారి దగ్గర పెట్టు. కాంట్రాక్ట్ కాగితాల్లో 68డబ్ల్యూ అని, బోనస్ ఏమైనా చెప్పి ఉంటే ఆ అంకె, రెండూ అచ్చులో ఉన్నాయో లేదో ఈ వారమే చూసుకో. రిక్రూటర్ నోటి మాటగా చెప్పింది ఏదైనా కాగితం మీద లేకపోతే, బయలుదేరే రోజు మళ్లీ సంతకం పెట్టే ముందు అడిగి రాయించుకో.